గంజాయి, మిగతా మత్తుమందులు చట్టబద్ధం చేయాలా? మీరేమంటారు?

నీలాకాశం
ఈ మధ్య మా తమ్ముడితో ఒకటే వాదన. డిగ్రీ చదువుతున్నాడు. "కెనడాలో చట్టబద్ధం, జర్మనీలో చట్టబద్ధం, అమెరికాలో దాదాపు సగం రాష్ట్రాల్లో చట్టబద్ధం. ప్రమాదమే ఉంటే అన్ని దేశాలు ఒప్పుకుంటాయా? మీరే ఊరికే భయపెడుతున్నారు" అంటాడు. ఆ మాట నాకు మింగుడు పడటం లేదు. అలాగని గట్టిగా చెప్పడానికి నా దగ్గర సమాధానమూ లేదు. మా నాన్నేమో "అమ్మినవాణ్నీ తాగినవాణ్నీ ఇద్దర్నీ లోపలేస్తే సరిపోతుంది" అంటారు. అదీ నాకు నచ్చట్లేదు. పందొమ్మిదేళ్ల కుర్రాడు ఒకసారి పట్టుబడి జైలుకు పోతే ఏం బాగుపడతాడు?

ఇక్కడ రకరకాల మనుషులున్నారు కదా, తిట్టుకోకుండా చెప్పండి. గంజాయి ఒక్కటే కాదు, హెరాయిన్, కొకైన్ లాంటివి కూడా.

చీమ
ఈ టాపిక్‌లో తిట్టుకోకుండా ఉండటమా! పాతకాపు గారూ, ఈ ఫోరం కాపలా మీదే కదా, ఈ రాత్రికి నిద్ర మానుకోవాల్సిందే.

పాతకాపు
ఇక్కడే ఉన్నా. మాట మీద కొట్టుకోండి, మనిషి మీద వద్దు.

చట్టం_చదివినవాడు
మీ తమ్ముడు చెప్పిన దేశాలన్నీ ఒకే పని చేయలేదండీ, చిక్కంతా అక్కడే.

కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి లైసెన్సు ఉన్న దుకాణంలో గంజాయి కొనుక్కోవచ్చు. బయట తిరిగేటప్పుడు 30 గ్రాములకు మించి దగ్గరుండకూడదు. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవాళ్లు 25 గ్రాములు వెంట ఉంచుకోవచ్చు, ఇంట్లో మూడు మొక్కలు పెంచుకోవచ్చు. కానీ కెనడాలో లాగా దుకాణాలు లేవు. సభ్యులంతా కలిసి పెంచుకునే క్లబ్బులకే అనుమతి. నెదర్లాండ్స్‌లో అసలు చట్టబద్ధమే కాదు. 1976లో చట్టం మార్చి చూసీచూడనట్టు వదిలేయడం మొదలుపెట్టారు. కాఫీషాపులో మనిషికి 5 గ్రాముల వరకు అమ్మితే కేసు పెట్టరు, అంతే. పోర్చుగల్ సంగతి వేరు. 2001 జూలై నుంచి హెరాయిన్‌తో సహా అన్ని మత్తుమందులకూ, సొంత వాడకానికి పది రోజులకు సరిపడా దగ్గరుంటే జైలు లేదు. అమ్మితే మాత్రం ఈరోజుకీ జైలే. ఇటు సింగపూర్‌లో 500 గ్రాములకు మించి గంజాయి రవాణా చేస్తూ దొరికితే ఉరిశిక్ష.

"ప్రమాదం లేదు కాబట్టే ఒప్పుకున్నారు" అన్నదానికి కెనడా చట్టమే జవాబు. అందులో రాసుకున్న ఉద్దేశాలు పిల్లల చేతికి అందకుండా చూడటం, నేరముఠాల ఆదాయానికి గండి కొట్టడం. పిల్లలకు అమ్మితే 14 ఏళ్ల దాకా జైలు పెట్టింది కూడా ఆ చట్టమే. ప్రమాదం లేని సరుకుకి ఇంత కట్టడి ఎవరు పెడతారు?

స్వేచ్ఛాపక్షి
నేను చట్టబద్ధం చేయాలనే వైపు. దాపరికం లేకుండా చెప్తున్నా.

అమెరికా 1920లో మద్యం నిషేధించింది. తాగడం ఆగిందా? దొంగసారా తయారైంది, ముఠాలు బలిశాయి, కల్తీ తాగి జనం చచ్చిపోయారు. 1933లో నిషేధం ఎత్తేశారు. 1971లో అధ్యక్షుడు నిక్సన్ మత్తుమందుల మీద యుద్ధం అన్నాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా సరుకు తగ్గలేదు, జైళ్లు మాత్రం నిండాయి. నిండింది కూడా ఎవరితో? అమెరికాలో నల్లవాళ్లు, తెల్లవాళ్లు గంజాయి వాడేది దాదాపు సమానంగానే. అరెస్టయ్యేది మాత్రం నల్లవాళ్లు 3.6 రెట్లు ఎక్కువని పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ 2020లో లెక్క తేల్చింది. చట్టం కాగితం మీద అందరికీ ఒకటే, వీధిలో ఒకటి కాదు.

పొగాకు వల్ల ఏటా 70 లక్షల మందికి పైగా పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మద్యం వల్ల 26 లక్షలు. ఆ రెండూ అమ్మొచ్చు. గంజాయి మోతాదు మించి ఊపిరి ఆగి చనిపోయినవాళ్లు దాదాపు కనిపించరు. మరి దానికే ఎందుకు సంకెళ్లు?

వెలుగురేఖ
ఊపిరి ఆగడం ఒక్కటేనా నష్టమంటే?

మా అబ్బాయి ఇంటర్‌లో మొదలుపెట్టాడు. స్నేహితులతో సరదాగా అన్నాడు. తర్వాత రోజూ. చదువు పోయింది, సరే అనుకున్నాం. ఆ తర్వాత గోడ వెనక ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని అనడం మొదలైంది. నేను అన్నం పెడితే వాసన చూసి పక్కన పెట్టేవాడు. విషం కలిపానని అనుమానం. కన్నతల్లి మీద. డాక్టరు సైకోసిస్ అన్నారు, లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక జబ్బు. ఇప్పుడు మాత్రల మీద ఉన్నాడు, కొంచెం నయం. కానీ వెనకటి మనిషి కాదు.

మీ అమెరికా లెక్కలు నాకు తెలియవు బాబూ. ఇది సులభంగా దొరికేలా చేయాలని ఎవరన్నా నేను ఒప్పుకోను.

నాలుగో_బెంచీ
ఆంటీ, చదివి చాలా బాధేసింది. కానీ అందరికీ అలా అవుతుందా? మా బ్యాచ్‌లో కొందరు అప్పుడప్పుడు తాగుతారు, బాగానే ఉన్నారు. నేను తాగను, తెలుసుకోవాలని అడుగుతున్నా.

రాత్రి_డ్యూటీ
ఎమర్జెన్సీలో నర్సుని. నాలుగో_బెంచీ అడిగింది మంచి ప్రశ్న.

అందరికీ అలా అవదు. కానీ ఎవరికి అవుతుందో ముందు చెప్పలేం. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా లాంటి తీవ్రమైన మానసిక జబ్బు ఉంటే, చిన్న వయసులో మొదలుపెడితే, రోజూ వాడితే, సరుకు ఘాటు ఎక్కువైతే ముప్పు పెరుగుతుంది. యూరప్, బ్రెజిల్ నగరాల్లో చేసిన పెద్ద అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. టీహెచ్‌సీ 10 శాతం, అంతకు మించి ఉన్న గంజాయి రోజూ వాడేవాళ్లలో సైకోసిస్ ముప్పు అసలు వాడనివాళ్లతో పోలిస్తే ఐదు రెట్లకు దగ్గరగా కనిపించింది. టీహెచ్‌సీ అంటే మత్తు ఇచ్చే పదార్థం. 1990ల్లో అమెరికాలో పట్టుబడ్డ సరుకులో అది సగటున 4 శాతం దగ్గర ఉండేది. ఇప్పుడు 15 దాటింది. సారం తీసిన నూనెలు, మైనాల్లో 60, 70 కూడా ఉంటుంది. మీ నాన్నల కాలం గంజాయి వేరు, ఇది వేరు.

మెదడు ఎదుగుదల పాతికేళ్ల దాకా సాగుతుంది. అందుకే పదహారేళ్ల వాడు తాగడం, నలభై ఏళ్ల వాడు తాగడం ఒకటి కాదు.

మేం ఇంకోటి చూస్తుంటాం. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లకు ఆగని వాంతులు. వేడినీళ్ల స్నానం చేస్తే కాసేపు తగ్గుతుంది, మళ్లీ మొదలు. గంజాయి వల్లే అంటే నమ్మరు, ఎందుకంటే గంజాయి వాంతులు తగ్గిస్తుందని ఎక్కడో చదివి ఉంటారు. మానేస్తే తప్ప అది పోదు.

స్వేచ్ఛాపక్షి
వెలుగురేఖ అమ్మా, మీ అబ్బాయి పూర్తిగా కోలుకోవాలని మనసారా కోరుకుంటున్నాను. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. మీ అబ్బాయికి దొరికింది నిషేధం ఉండగానే. అమ్మినవాడు వయసు అడగలేదు, ఘాటు ఎంతో చెప్పలేదు, ఎందుకంటే వాడి సరుకు మీద లేబుల్ ఉండదు. లైసెన్సు దుకాణమైతే కార్డు చూసి వెనక్కి పంపేవాళ్లు.

వెలుగురేఖ
పంపుతారా? సిగరెట్లు, మద్యం పిల్లలకు అమ్మకూడదని రాసే ఉంది కదా. ఎవరు ఆపుతున్నారు?

చీమ
వెలుగురేఖ గారు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు.

దూరదేశి
నేను కెనడాలో ఉంటాను కాబట్టి చూసింది చెప్తా.

ఇక్కడ దుకాణం బయట నుంచి లోపల సరుకు కనపడకూడదు. ప్యాకెట్ మీద రంగురంగుల బొమ్మలుండవు, టీహెచ్‌సీ ఎంతో అంకె, పెద్ద హెచ్చరిక ఉంటాయి. వయసు చాలా రాష్ట్రాల్లో 19, క్యూబెక్‌లో 21. తినే రకాల్లో ఒక ప్యాకెట్టుకు 10 మిల్లీగ్రాములకు మించి టీహెచ్‌సీ ఉండకూడదు. సినిమాతారలతో ప్రకటనలు కుదరవు. మొదట్లో బయటి సరుకే చవకని జనం పాతవాళ్ల దగ్గరికే పోయేవారు. మెల్లమెల్లగా ఎక్కువమంది దుకాణాలకు మారారు.

పెద్దవాళ్లలో వాడకం పెరిగింది, అది దాచక్కర్లేదు. బడిపిల్లల్లో పెద్దగా పెరగలేదు. భయపడినంత ఘోరమూ జరగలేదు, చెప్పినంత అద్భుతమూ జరగలేదు. నాకు టెన్షన్ పెట్టే విషయం ఒక్కటే. పిల్లలు ఇంట్లో పెద్దలు దాచుకున్న గంజాయి చాక్లెట్లు తెలియక తినేసి ఆసుపత్రి పాలయ్యే కేసులు పెరిగాయి. మా పక్కింట్లోనే ఒక చిన్నపిల్లకు అలా అయింది. రాత్రంతా లేవలేదు, తల్లికి ప్రాణం పోయినంత పనైంది. ఉదయానికి తేరుకుంది.

రాత్రి_డ్యూటీ
తినే రకాల గురించి ఒక మాట. పొగ అయితే నిమిషాల్లో తెలుస్తుంది. తింటే అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏమీ అవట్లేదని ఇంకోటి తింటారు, తర్వాత రెండూ కలిసి ఎక్కుతాయి. గుండె దడ, చచ్చిపోతానన్న భయంతో వస్తారు.

పాతకాపు
"ఎక్కడ దొరుకుతుంది" అని అడిగిన పోస్టు ఒకటి తీసేశాను. మళ్లీ పెడితే ఖాతా కూడా తీసేస్తాను.

లెక్కల_మాస్టారు
పోర్చుగల్ పేరు వచ్చింది కాబట్టి సగమే చెప్పి వదలకూడదు. అందరూ "శిక్ష తీసేశారు, బాగుపడ్డారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

1990ల చివర్లో అక్కడ కోటి జనాభాలో దాదాపు లక్షమందికి హెరాయిన్ అలవాటని అంచనా. సూదులు పంచుకోవడంతో హెచ్‌ఐవీ పాకింది. 2001 తర్వాత పట్టుబడినవాణ్ని కోర్టుకు కాదు, ఒక చిన్న కమిటీ ముందుకు పంపుతారు. అందులో న్యాయం తెలిసినవాళ్లు, ఆరోగ్యం, సమాజసేవ రంగాల వాళ్లు ఉంటారు. వ్యసనం ఉందా, ఊరికే ప్రయత్నించాడా చూస్తారు. వ్యసనమైతే చికిత్సకు దారి చూపిస్తారు. దాంతోపాటే హెరాయిన్ బదులు డాక్టర్లు ఇచ్చే మెథడోన్ మందుతో చికిత్స, శుభ్రమైన సూదులు, వీధుల్లో తిరిగి మాట్లాడే కార్యకర్తలు, అన్నిటికీ డబ్బు పెట్టారు. సూది వాడేవాళ్లలో కొత్త హెచ్‌ఐవీ కేసులు బాగా పడిపోయాయి. జైళ్లలో మత్తుమందు కేసుల వాటా తగ్గింది.

ఇప్పుడు అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం చూడండి. 2020 నవంబరులో అక్కడి ఓటర్లు మెజర్ 110 అనే చట్టాన్ని నేరుగా ఓటేసి పాస్ చేశారు. 2021 ఫిబ్రవరి నుంచి కొద్దిగా మత్తుమందు దగ్గరుంటే 100 డాలర్ల జరిమానా చీటీ, ఒక ఫోన్ నంబరుకు కాల్ చేసి ఆరోగ్య పరీక్షకు ఒప్పుకుంటే అదీ మాఫీ. కాల్ చేసినవాళ్లు చాలా తక్కువ. చికిత్స కేంద్రాలకు ఇవ్వాల్సిన డబ్బు ఆలస్యంగా చేరింది. సరిగ్గా అప్పుడే హెరాయిన్ కన్నా ఎన్నో రెట్లు ఘాటైన ఫెంటనిల్ అనే మత్తుమందు ఆ రాష్ట్రంలోకి వచ్చిపడింది. వీధుల్లో బహిరంగంగా వాడటం చూసి జనం విసిగిపోయారు. 2024లో శాసనసభ వెనక్కి తిప్పింది, సెప్టెంబరు 1 నుంచి మళ్లీ నేరమే.

రెండుచోట్లా శిక్ష తీసేశారు. ఒకచోట మనిషిని కూర్చోబెట్టి మాట్లాడే ఏర్పాటు ముందే ఉంది, ఇంకోచోట చీటీ చేతికిచ్చి పంపేశారు.

చట్టం_చదివినవాడు
మాస్టారూ, ఒరెగాన్‌లో చావులు పెరగడానికి ఆ చట్టమే కారణమని తేల్చలేం. ఫెంటనిల్ చేరిన ప్రతిచోటా, కఠిన చట్టాలున్న రాష్ట్రాల్లో కూడా పెరిగాయి.

లెక్కల_మాస్టారు
నేనూ చట్టం చంపిందని అనలేదు. చట్టం ఇచ్చిన మాట నిలబెట్టుకోలేదు అంటున్నా. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కూడా చూశారు కదా, 2023 జనవరిలో 2.5 గ్రాముల వరకు మత్తుమందు దగ్గరుంటే కేసు లేదన్న మినహాయింపుతో ప్రయోగం మొదలుపెట్టి, 2024 మేలోనే బహిరంగ ప్రదేశాల్లో వాడకాన్ని మళ్లీ నిషేధించారు. పార్కుకు పిల్లల్ని తీసుకెళ్లే తల్లిదండ్రుల ఓర్పు కూడా లెక్కలోకి తీసుకోని విధానం నిలవదు.

నీలాకాశం
ఒక్క రోజులో ఇన్ని వచ్చాయి, అన్నీ చదువుతున్నా. మరి మా నాన్న అనే మాటకు ఏమంటారు? భయం ఉంటేనే కుర్రాళ్లు దూరంగా ఉంటారు అంటారాయన. నిజం కాదా?

కోలుకుంటున్నా
మీ నాన్నగారికి నా సంగతి చెప్పండక్కా.

నేను బ్రౌన్ షుగర్, అంటే ముడి రకం హెరాయిన్ వాడేవాణ్ని. భయం లేకపోవడమేంటి, రోజంతా భయమే. పోలీసులంటే భయం, ఇంట్లో తెలుస్తుందని భయం, సాయంత్రానికి సరుకు దొరక్కపోతే ఒళ్లు నొప్పులు, వణుకు మొదలవుతాయని భయం. చివరి భయం ముందు మొదటి రెండూ ఆగవు. ఆ వ్యాధి అలాంటిది.

మాలో ఒకడికి ఒకసారి మోతాదు ఎక్కువైంది. పెదాలు నీలం తిరిగాయి, ఊపిరి గురక లాగా ఆగి ఆగి వస్తోంది. గదిలో ఉన్నవాళ్లం అంబులెన్స్‌కు ఫోన్ చేద్దామా వద్దా అని వాదించుకున్నాం. పోలీసులొస్తే అందరం లోపలికే కదా అని. ఇద్దరు పారిపోయారు. ఫోన్ చేసేసరికి ఆలస్యమైంది. వాడు బతకలేదు.

కాబట్టి భయం పని చేసింది, కానీ మీ నాన్నగారు అనుకున్నచోట కాదు.

చీమ
...

రాత్రి_డ్యూటీ
తమ్ముడూ, రాసినందుకు నమస్కారం.

చదివేవాళ్లందరికీ చెప్తున్నా. హెరాయిన్, ఫెంటనిల్, మార్ఫిన్, ఇవి ఊపిరి తీసుకోమని చెప్పే మెదడు భాగాన్నే నెమ్మదింపజేస్తాయి. హెరాయిన్ కన్నా ఫెంటనిల్ 50 రెట్లు ఘాటు. పెదాలు, గోళ్లు నీలం తిరగడం, కంటిపాప సూదిమొనంత చిన్నదవడం, పిలిచినా కదిలించినా లేవకపోవడం కనిపిస్తే ఒక్క నిమిషం ఆలోచించకూడదు. వెంటనే అంబులెన్స్. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నాలోక్సోన్ అనే విరుగుడు మందు నిమిషాల్లో ఊపిరి తెప్పిస్తుంది. కానీ దాని పని అరగంట, గంటలో అయిపోతుంది. మత్తు మళ్లీ పైచేయి కావచ్చు. అందుకే లేచి కూర్చున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చట్టం_చదివినవాడు
కోలుకుంటున్నా చెప్పిన ఆ గది కోసమే కొన్ని దేశాలు చట్టం చేశాయి. కెనడా 2017లో తెచ్చింది. మోతాదు మించినవాళ్ల కోసం అత్యవసర సాయానికి ఫోన్ చేస్తే, ఫోన్ చేసినవాళ్ల మీదా అక్కడున్నవాళ్ల మీదా కొద్దిపాటి మత్తుమందు దగ్గరున్న కేసు పెట్టరు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇలాంటివున్నాయి. గంజాయి చట్టబద్ధం చేయాలా వద్దా అన్న గొడవతో దీనికి సంబంధమే లేదు. వెలుగురేఖ గారు, స్వేచ్ఛాపక్షి ఇద్దరూ దీనికి ఒప్పుకోగలరు అనుకుంటా.

వెలుగురేఖ
ఎందుకు ఒప్పుకోను? ఆ చనిపోయిన పిల్లవాడికీ ఒక తల్లి ఉంటుంది కదా.

స్వేచ్ఛాపక్షి
నూటికి నూరు పాళ్లు.

మందుబిళ్ల
ఫార్మసిస్టుని. స్వేచ్ఛాపక్షి "లైసెన్సు ఉంటే చాలు" అన్నట్టు మాట్లాడుతున్నారు కాబట్టి ఒక చేదు ఉదాహరణ.

ఆక్సికాంటిన్ అనే ఘాటైన నొప్పి మాత్ర అమెరికా మార్కెట్లోకి 1996లో వచ్చింది. ప్రభుత్వ అనుమతి ఉంది, లేబుల్ ఉంది, డాక్టరు చీటీ ఉంది, కొలత పక్కా. అలవాటయ్యే అవకాశం తక్కువని నమ్మబలికి డాక్టర్ల చేత విపరీతంగా రాయించారు. ఎంతోమంది వెన్నునొప్పితో మొదలుపెట్టి బానిసలయ్యారు. చీటీలు కట్టడి చేశాక కొందరు హెరాయిన్‌కు, అక్కడి నుంచి ఫెంటనిల్‌కు పోయారు. 2020లో ఆ మాత్ర తయారుచేసిన పర్డ్యూ ఫార్మా కోర్టులో నేరం ఒప్పుకుంది. 2021 నుంచి 2023 దాకా అమెరికాలో ఏటా లక్షమందికి పైగా ఓవర్‌డోస్‌తో పోయారు. 2024లో బాగా తగ్గింది, ఇంకా ఘోరమే.

ముఠా చేతిలోంచి తీసి కంపెనీ చేతిలో పెడితే చాలదండీ. ఎక్కువ తాగేవాడే ఎక్కువ లాభం తెచ్చే కస్టమరు. సారా వ్యాపారమైనా, గంజాయి వ్యాపారమైనా ఇదే.

స్వేచ్ఛాపక్షి
మందుబిళ్ల గారి మాటలో బలముంది. అందుకే నేను కంపెనీలు నడిపే కాలిఫోర్నియా పద్ధతికి కాదు, ఉరుగ్వే పద్ధతికి ఓటేస్తా. 2013లో దేశం మొత్తానికి గంజాయి చట్టబద్ధం చేసిన మొదటి దేశం అదే. పేరు నమోదు చేసుకోవాలి, నెలకు 40 గ్రాములే, ఇంట్లో ఆరు మొక్కలో, క్లబ్బో, ఫార్మసీయో ఒక్కటే ఎంచుకోవాలి. ప్రకటనలు లేవు. పర్యాటకులకు అమ్మరు. వ్యాపారం పెరగాలన్న తొందర ఎవరికీ లేదు.

దూరదేశి
ఉరుగ్వేలో కూడా నమోదు చేసుకోని జనం చాలామందే. పేరు రాయించుకోవడం ఇష్టం లేక బయటే కొంటారు.

స్వేచ్ఛాపక్షి
నిజమే. అయినా పక్కా పద్ధతి ఎక్కడుంది చెప్పండి? ఉన్నవాటిలో తక్కువ నష్టం ఏదో చూడాలి.

నాలుగో_బెంచీ
థాయిలాండ్ కూడా చేసింది కదా?

చట్టం_చదివినవాడు
చేసింది, ఎలా చేయకూడదో కూడా చూపించింది. 2022 జూన్ 9న గంజాయిని నిషిద్ధ జాబితా నుంచి తీసేశారు. ఎవరు అమ్మాలి, ఎలా అమ్మాలి అనే సమగ్ర చట్టం మాత్రం రాయలేదు. వేల దుకాణాలు పుట్టుకొచ్చాయి. 2025 జూన్‌లో మళ్లీ డాక్టరు చీటీ ఉంటేనే అని మార్చారు. అప్పటికే పెట్టుబడి పెట్టి దుకాణం తెరిచినవాడు ఏమైపోవాలి?

రైతుబిడ్డ
ఇంతసేపూ తాగేవాడు, అమ్మేవాడు, డాక్టరు. పండించేవాడి ఊసే లేదు.

2022 ఏప్రిల్లో అఫ్గానిస్థాన్‌లో తాలిబన్లు నల్లమందు కోసం గసగసాల మొక్కల సాగు నిషేధించారు. మరుసటి ఏడాదికి సాగు 95 శాతం పడిపోయిందని ఐక్యరాజ్యసమితి సంస్థ చెప్పింది. ప్రపంచమంతా భేష్ అంది. గసగసాల పంట పోతే ఆ రైతు గోధుమ వేసుకోవాలి. నల్లమందుతో పోలిస్తే అందులో వచ్చేదెంత? అప్పు ఎవరు తీర్చాలి? భూమి లేని కూలీ ఏం తినాలి? నిషేధం గెలిచిందని రాసేవాళ్లు ఈ ముక్క రాయరు.

చట్టబద్ధం చేసినచోట కూడా రైతుకు ఒరిగింది తక్కువ. కాలిఫోర్నియాలో 2016లో ఓటేసి ఒప్పుకున్నారు. లైసెన్సు ఖర్చులు, పన్నులు కట్టలేక చిన్న సాగుదారులు చితికిపోయారు, పెద్ద పెట్టుబడి వచ్చి కూర్చుంది. పన్ను కట్టని దొంగ సాగు అలాగే ఉంది. నేను చట్టబద్ధం వద్దనడం లేదు. రాసేటప్పుడు పండించేవాణ్ని కూడా బల్ల దగ్గర కూర్చోబెట్టమంటున్నా.

తోటమాలి
రైతుబిడ్డ పోస్టుకు వంద దండాలు.

నెదర్లాండ్స్‌లో కూడా ఇదే వింత. కాఫీషాపు ముందు తలుపు నుంచి అమ్మితే కేసు లేదు, అదే సరుకు వెనక తలుపు నుంచి లోపలికి వస్తే నేరం. పండించడం నేరమే కాబట్టి సరఫరా అంతా ముఠాలదే. ఇన్నేళ్లకు, 2023 డిసెంబరులో బ్రెడా, టిల్‌బర్గ్ నగరాల్లో లైసెన్సు సాగు సరుకుతో ప్రయోగం మొదలుపెట్టారు.

నీలాకాశం
మందుగా పనికొస్తుంది అంటారు కదా, అది ఎంతవరకు నిజం? మా తమ్ముడి తర్వాతి బాణం అదే అని నాకు తెలుసు.

మందుబిళ్ల
కొంత నిజం. గంజాయి మొక్కలోని సీబీడీ అనే పదార్థంతో చేసిన ఎపిడియోలెక్స్ అనే మందుకు 2018 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. పిల్లల్లో వచ్చే రెండు మొండి మూర్ఛవ్యాధులకు. సీబీడీ మత్తు ఇవ్వదు. కీమోథెరపీ వాంతులకు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బులో కండరాల బిగుతుకు కూడా గంజాయి పదార్థాలతో చేసిన మందులున్నాయి. ఐక్యరాజ్యసమితి కమిషన్ 2020 డిసెంబరులో 27–25 ఓట్లతో గంజాయిని మత్తుమందుల మీద 1961లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందంలోని అతి కఠినమైన జాబితా నుంచి తీసింది కూడా వైద్యంలో పనికొస్తుందన్న లెక్కతోనే. నియంత్రణ జాబితాలో మాత్రం ఇంకా ఉంది.

నల్లమందు నుంచి మార్ఫిన్ వచ్చింది, ఆసుపత్రి నడవదు అది లేకుండా. అంతమాత్రాన నల్లమందు పీల్చమని ఎవరూ చెప్పరు. "క్యాన్సర్ తగ్గిస్తుంది" అని గంజాయి నూనె అమ్మేవాళ్ల మాట వినొద్దు. అసలు చికిత్స మానేసి ఆ నూనె పట్టుకున్న పేషెంటును చూశాను. తిరిగొచ్చేసరికి జబ్బు ముదిరిపోయింది.

లెక్కల_మాస్టారు
నీలాకాశం గారు హెరాయిన్ గురించి కూడా అడిగారు, అది మిగిలిపోయింది.

స్విట్జర్లాండ్‌లో 1980ల చివర్లో జ్యూరిక్ నగరం నడిబొడ్డు పార్కులో వందలమంది బహిరంగంగా సూదులు పొడుచుకునేవాళ్లు. పోలీసులు తరిమితే ఇంకో వీధికి పోయేవాళ్లు. 1994లో కొత్త ప్రయోగం మొదలుపెట్టారు. మిగతా చికిత్సలేవీ పని చేయని పాత రోగులకు డాక్టరు పర్యవేక్షణలో, క్లినిక్‌లోనే, శుభ్రమైన హెరాయిన్ ఇవ్వడం. ఇంటికి పట్టుకెళ్లే సరుకు కాదు. దొంగతనాలు తగ్గాయి, చాలామంది మళ్లీ పనిలో కుదురుకున్నారు.

2008 నవంబరు 30న అక్కడ ప్రజల ఓటింగ్ జరిగింది. హెరాయిన్ చికిత్స కొనసాగించడానికి 68 శాతం అవునన్నారు. అదే రోజు గంజాయి చట్టబద్ధం చేయాలా అంటే 63 శాతం వద్దన్నారు. పైకి తలకిందులుగా కనిపిస్తుంది కానీ నాకు అందులో తర్కం ఉంది. రోగికి మందు అంటే ఒప్పుకున్నారు, సరదాకి సరుకు అంటే ఒప్పుకోలేదు.

హెరాయిన్, కొకైన్ దుకాణంలో అమ్మాలని ఇక్కడ స్వేచ్ఛాపక్షి కూడా అనరనుకుంటా.

స్వేచ్ఛాపక్షి
అనను మాస్టారూ. వాడేవాణ్ని జైల్లో పెట్టొద్దు అనే అంటాను. దుకాణం గంజాయి వరకే.

వెలుగురేఖ
గంజాయి దుకాణం కూడా నేను ఒప్పుకోను. ఈ పోస్టులన్నీ చదివాక కూడా. కానీ తాగినవాణ్ని జైలుకు పంపొద్దన్నది ఒప్పుకుంటున్నా. మావాణ్ని అప్పట్లో పట్టుకుపోయి ఉంటే ఆ గోడ వెనక మాటలకు మందు ఎవరిచ్చేవాళ్లు? కోలుకుంటున్నా బాబూ, నువ్వు ఎలా బయటపడ్డావు?

కోలుకుంటున్నా
అమ్మా, పూర్తిగా బయటపడ్డానని అనను. ఒకసారి మత్తు మాన్పించే కేంద్రంలో చేరి పారిపోయొచ్చాను. తర్వాత ఒక సైకియాట్రిస్టు నన్ను తిట్టకుండా బ్యుప్రెనార్ఫిన్ మాత్రలు మొదలుపెట్టారు. నాలుక కింద పెట్టుకునేవి. ఒళ్లు నొప్పులు, వణుకు ఆగాయి, సరుకు కోసం పరిగెత్తడం ఆగింది, అప్పుడు బుర్ర ఆలోచించడానికి ఖాళీ అయింది. "ఒక మత్తు మాని ఇంకో మత్తు పట్టుకున్నాడు" అని చుట్టాలు అన్నారు. మా అమ్మ మాత్రం రోజూ మాత్ర వేసుకున్నానో లేదో చూసి వెళ్లేది. ఇప్పుడు మోతాదు తగ్గిస్తున్నారు. పనికి పోతున్నా.

చీమ
అన్నా, అమ్మగారికి మా అందరి నమస్కారాలు చెప్పు.

నాలుగో_బెంచీ
నా స్నేహితుడు ఒకడు అప్పుడప్పుడు కాదు, రోజూ తాగుతున్నాడు. పైన అడిగినప్పుడు చెప్పలేదు. క్లాసులకు రావట్లేదు, ఫోన్ ఎత్తడు, పొద్దున లేవగానే మొదలు. వాళ్ల ఇంట్లో చెప్పాలా? చెప్తే నాతో మాట్లాడడేమో.

రాత్రి_డ్యూటీ
పొద్దున లేవగానే అంటే అలవాటు దాటిపోయినట్టే. ముందు వాడితోనే మాట్లాడు. తాగి ఉన్నప్పుడు కాదు, తేటగా ఉన్నప్పుడు. "మానెయ్" అని మొదలుపెట్టకు, "క్లాసుకు రావట్లేదు, నాకు భయంగా ఉంది" అను. ఒక వారం ఆపి చూస్తావా అని అడుగు. ఆపితే నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఆకలి లేకపోవడం కొన్నాళ్లు ఉంటాయి, అవి తగ్గిపోతాయని ముందే చెప్పు. లేకపోతే అవి తగ్గడానికే మళ్లీ తాగుతాడు. ఎవరో తనను గమనిస్తున్నారని, తన గురించి మాట్లాడుకుంటున్నారని అంటే మాత్రం ఆగకు. ఆ రోజే వాళ్ల ఇంట్లో చెప్పు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

వెలుగురేఖ
చెప్పు నాన్నా. మాకు ఎవరూ చెప్పలేదు. వాడి స్నేహితులకు మాకన్నా ముందే తెలుసు.

నాలుగో_బెంచీ
సరే ఆంటీ. రేపు ఆదివారం, వాడి గదికి వెళ్తా.